మెదక్ గుడిలో ఒక పూట

మెదక్ చర్చికి క్రిస్మస్ నాడు వెళ్లడం వేరు, గుండె బరువుతో వెళ్లడం వేరు. డిసెంబర్ 25న తెల్లవారకముందే మొదటి ఆరాధన మొదలవుతుంది. పొద్దెక్కేకొద్దీ జనం పెరిగి, లోపల కాసేపు నిలబడదామన్నా వెనకనుంచి తోపులాటే. పండుగ సంతోషం కావాలంటే ఆ రోజే వెళ్లాలి. ఇంట్లో జబ్బో, అప్పో, చావో ఉన్నవాళ్లతో మాత్రం నేను మామూలు పనిదినాన్నే వెళతాను.

హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. జూబ్లీ బస్ స్టేషన్‌లో పొద్దున్నే బస్సెక్కితే ఎండ బాగా ఉండగానే చేరుకోవచ్చు. వెలుగు ఉండగా చేరడం ముఖ్యం. అక్కడి రంగుటద్దాల కిటికీలు బయటి వెలుగుతోనే కనబడతాయి, చీకటి పడ్డాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా బొమ్మ తెలియదు. బయలుదేరేముందు టిఫిన్ చేయాలి. షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మొక్కు పేరుతో ఉపవాసముండి దారిలో కళ్లు తిరిగి పడిపోతుంటారు. బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టుకింద పడుకున్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే.

ఈ గుడి కథ కూడా తిండితోనే మొదలైంది. కరువులో జనం మాడిపోతుంటే చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే బ్రిటిష్ మిషనరీ దొర కట్టడం పని చూపించి తిండి పెట్టారు. 1914 నుంచి పదేళ్లు కట్టారు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం దాదాపు 175 అడుగులు. ఐదువేల మంది పట్టే ఆ హాల్లో కూర్చున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది కొలతలు కాదు, ఆ రాళ్లు మోసినవాళ్లు. సాయంత్రం ఇంటికి గింజలు తీసుకెళ్లాలని మోసినవాళ్లు.

చెప్పులు బయట విడిచి, ముందు కిటికీల దగ్గరికి వెళ్లండి. ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన, క్రీస్తు జీవితంలోని మూడు ఘట్టాలు: ఆరోహణం (పరలోకానికి ఎక్కిపోవడం) 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. అంటే ప్రతిష్ఠ నాటికి వీటిలో ఒక్కటీ లేదు. సిలువ కిటికీ కోసం ఈ సంఘం 34 ఏళ్లు ఆగింది. కష్టంలో ఉన్నవాళ్లు ఆ కిటికీ కిందే ఎక్కువసేపు కూర్చోవడం మంచిదని నా అభిప్రాయం. దగ్గరికి వెళ్లి చూస్తే ముక్కముక్కకూ మధ్య నల్లటి సీసపు గీత ఉంటుంది. ఎండ పెరిగేకొద్దీ గీత మరింత నల్లబడుతుంది, రంగు మరింత వెలుగుతుంది.

తర్వాత వెనక బెంచీల్లో ఓ గంట కేటాయించుకోండి. కూర్చోగానే హుషారైన స్తుతి పాట ఎత్తుకోవద్దు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే: రెండో చరణానికి గొంతు పూడుకుపోతుంది, "నాకు విశ్వాసం లేదేమో" అన్న భయం పట్టుకుంటుంది. ముందు బైబిల్లోని 13వ కీర్తన, మెల్లగా, పెదవులు కదిలేలా చదవండి. ఆరే వచనాలు. దావీదు "ఎన్నాళ్లు" అని పదేపదే అడిగాకే చివర పాటలోకి వస్తాడు. పక్కన కూర్చున్నవాళ్లు "ఏడవకమ్మా, స్తోత్రం చెప్పు" అని తొందరపెట్టకూడదు. ఆ తొందర వల్ల మనిషి గుడికే రావడం మానేస్తాడు.

ఏడుపు తెమిలాక ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాయండి: ఆస్పత్రి బిల్లు ఎంత, వడ్డీ ఎంత, ఎవరితో మాటల్లేవు. "అన్నీ నీకు తెలుసు ప్రభువా" అని దాటేయొద్దు. అప్పుడు బైబిల్లోనే హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయం 17, 18 వచనాలు తీయండి. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేను, గొర్రెలు, పశువులు, ఇలా ప్రవక్త తన నష్టాల్ని ఆరింటినీ పేరుపేరునా లెక్కపెట్టాకే "నేను యెహోవాయందు ఆనందించెదను" అంటాడు. కరువులో కట్టిన గోడల మధ్య ఈ మాట చదివితే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు పాడండి. కంఠతా వచ్చిన పాట, తక్కువ శ్రుతిలో, ఒక పల్లవి చాలు. గొంతు రాకపోతే తోడు వచ్చినవాళ్లు పాడితే వింటూ "ఆమేన్" అనండి, అదీ ఆరాధనే.

పొలంలో పని మానుకుని వచ్చిన కుటుంబాలు, వేరే మతాలవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని అక్కడే కనిపిస్తారు. వాళ్లకు చోటివ్వండి. కానుక అప్పుచేసి వేయొద్దు. బస్సు చార్జీ పక్కన పెట్టుకున్నాకే కానుక పెట్టె దగ్గరికి వెళ్లండి.

కాగితం మీద తేదీ వేసి బైబిల్లో 13వ కీర్తన దగ్గర ఉంచండి. నెలకోసారి తీసి, తీరినదాని పక్కన గీత పెట్టండి, తీరనిదాన్ని మళ్లీ చదివి ప్రార్థించండి. ఆ వారంలోనే మీ సంఘ పాస్టరు గారికో, నమ్మకమైన పెద్దమ్మకో ఒక్క విషయమైనా నోరు విప్పి చెప్పండి. నిద్ర పట్టక, అన్నం సహించక రెండు వారాలు గడిచిందంటే డాక్టర్ని కూడా కలవండి, ప్రార్థన ఆపకుండానే.