శివారుకి నీళ్లందని దుకాణాలు

భీమవరంలోనో తణుకులోనో ఒక కొట్టు బాగా నడిచిందంటే ఏడాది తిరక్కుండా పాలకొల్లులో బ్రాంచి, ఆ మరుసటేడు అమలాపురంలో ఇంకోటి. బోర్డు మీద "మా శాఖలు" అని నాలుగు ఊళ్ల పేర్లు పడితే గానీ పెద్ద వ్యాపారం అనిపించుకోదు మన దగ్గర. బట్టల కొట్లు, సెల్ షాపులు, రొయ్యల మేత డీలర్లు, ఇప్పుడు ఆటసామాన్ల కొట్లు, అందరిదీ ఇదే వరస. ఈ దారిలో చివరంటా వెళ్లిన కంపెనీ అమెరికాలో ఒకటుంది. పేరు గాండర్ మౌంటెన్. వేటకీ, గాలం వేసి చేపలు పట్టడానికీ, అడవిలో గుడారం వేసుకోడానికీ కావలసిన సామానంతా అమ్మేది.

1960లో విస్కాన్సిన్ రాష్ట్రంలో విల్మట్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. అప్పట్లో క్యాటలాగు పోస్టులో పంపడం, ఆర్డరొస్తే పార్సిలు కట్టడం, అంతే వ్యాపారం. దుకాణాలు తర్వాత వచ్చాయి. 1996లో ఒకసారి దివాలా తీసింది. అప్పుడు బయటపడటానికి క్యాటలాగు వ్యాపారాన్ని తన పోటీదారు కబేలాస్‌కి అమ్మేసింది. దుకాణాలు మిగిలాయి గానీ, ఆ ఒప్పందం షరతుల వల్ల తపాలా ద్వారా గానీ ఇంటర్నెట్‌లో గానీ సొంత పేరుతో అమ్ముకునే వీల్లేకుండా పోయింది. మళ్లీ ఆ అమ్మకం మొదలుపెట్టేసరికి 2008 వచ్చింది. ఇంటర్నెట్ వ్యాపారం పుట్టి, నడక నేర్చి, పరుగెత్తిన ఏళ్లన్నీ గాండర్ మౌంటెన్ గోడల మధ్యే ఉండిపోయింది. నా లెక్కలో అసలు దెబ్బ ఇదే. పెరగడానికి ఒకటే దారి మిగిలినప్పుడు ఆ దారి మంచిదా కాదా అని ఎవరూ అడగరు.

2004లో షేరు 16 డాలర్లకి జనానికి అమ్మి, ఆ ఊపులో పెద్ద పెద్ద దుకాణాలు కట్టారు. 2010లో పెద్ద వాటాదార్లే మిగతా వాళ్లకి షేరుకి 5.15 డాలర్లిచ్చి కంపెనీని స్టాక్ మార్కెట్ నుంచి తప్పించారు. ఆ సంకేతం చాలాలి. కానీ ఆ తర్వాత కూడా విస్తరణ ఆగలేదు. 2017 మార్చిలో రెండోసారి దివాలా పిటిషన్ వేసేనాటికి 26 రాష్ట్రాల్లో దాదాపు 160 దుకాణాలున్నాయి.

కొత్త బ్రాంచి లాభంలోనే ఉండి, మొత్తం వ్యాపారం నష్టంలోకి ఎలా పోతుందో చాలామందికి అంతుపట్టదు. ఊహకి ఒక లెక్క వేద్దాం. భీమవరంలో ఆటసామాన్ల కొట్టు. ఏడాదికి కోటి 60 లక్షల అమ్మకం, మార్జిన్ 25 శాతం. అంటే సరుకు ఖరీదు కోటి 20 లక్షలు. కొట్లో ఎప్పుడూ 40 లక్షల సరుకు ఉంటుంది. సరుకు ఏడాదికి మూడుసార్లు తిరుగుతోందన్నమాట. బాగానే ఉంది. పాలకొల్లులో బ్రాంచి పెట్టారు. 30 లక్షల సరుకు, 12 లక్షల ఫర్నిచరు, మొత్తం 42 లక్షలూ 12 శాతం వడ్డీకి. మొదటేడు అమ్మకం 80 లక్షలు. మార్జిన్ 20 లక్షలు. అద్దె 4.8 లక్షలు, నలుగురి జీతాలు 7.2 లక్షలు, కరెంటూ ఇతరత్రా 1.5 లక్షలు, వడ్డీ 5 లక్షల పైచిలుకు. అన్నీ పోగా లక్షన్నర దాకా మిగిలింది. బ్రాంచి పుస్తకం చూస్తే లాభమే.

అయితే ఆ 80 లక్షల్లో 24 లక్షలు, ఇదివరకు పాలకొల్లు, నరసాపురం నుంచి బస్సెక్కి భీమవరం వచ్చి కొన్నవాళ్లవే. అక్కడ ఆ మేరకు తగ్గింది. అంటే నిజంగా పెరిగిన అమ్మకం 56 లక్షలు, దాని మీద మార్జిన్ 14 లక్షలు. పెరిగిన ఖర్చు 18.5 లక్షలు. నాలుగున్నర లక్షలు చేతి నుంచి పడ్డాయి. మొత్తం అమ్మకం 35 శాతం పెరిగితే సరుకు 75 శాతం పెరిగింది, తిరుగుడు మూడు నుంచి 2.3కి జారింది. అందుకే గొలుసు దుకాణాల వాళ్లు మొత్తం అమ్మకం కంటే ముందు, ఏడాది పైబడిన పాత దుకాణాల అమ్మకం పెరిగిందా తగ్గిందా అని చూస్తారు. కొత్త బ్రాంచీలు కలిపి చూపించే అంకె ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఆటసామాన్లలో ఇంకో తిరకాసు సైజులు. ఒక బూటు మోడలు 6 నుంచి 10 దాకా ఐదు సైజుల్లో తెప్పిస్తారు. 8, 9 ముందు పోతాయి. 6, 10 అరలో మిగులుతాయి. ఆ మోడల్లో మళ్లీ 8, 9 విడిగా ఇమ్మంటే కంపెనీ ఇవ్వదు, సెట్టు మొత్తం తీసుకోమంటుంది. ఒక కొట్లో పది జతలు మిగిలితే అది మామూలే. నాలుగు కొట్లలో నలభై జతలు మిగులుతాయి, అవి కూడా ఒకే సైజులు. గాండర్ మౌంటెన్ అమ్మే వేట దుస్తులు, బూట్లు, చలికోట్లు అన్నిటిదీ ఈ గొడవే. పైగా అక్కడ వేట కాలం శరదృతువులో. సరుకు ఆర్డరు అంతకు చాలా నెలల ముందే పెట్టాలి. ఆ ఏడు చలి ఆలస్యమైతే కోట్లు అలాగే ఉండిపోతాయి. మనకి సంక్రాంతి టోర్నమెంట్లకీ వేసవి సెలవులకీ తెప్పించిన క్రికెట్ కిట్లు జూన్‌లో బడులు తెరిచాక కదలనట్టే.

తుపాకుల అమ్మకం ఆ లెక్కని ఇంకా చెడగొట్టింది. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో కాల్పులు జరిగాక చట్టాలు బిగిస్తారన్న భయంతో జనం ఎగబడి తుపాకులూ తూటాలూ కొన్నారు. భయంతో కొన్న సరుకు రేపటి అమ్మకాన్ని ఇవాళే తినేస్తుంది. 2016 నవంబరు ఎన్నికల్లో తుపాకుల హక్కుని సమర్థించే ట్రంప్ గెలిచాక ఆ భయం పోయింది, అమ్మకాలు పడ్డాయి. ఆ గిరాకీని నమ్ముకుని తెరిచిన దుకాణాల అద్దె మాత్రం పడలేదు.

ఇక్కడ మన కాలవల సంగతి చెప్పక తప్పదు. ధవళేశ్వరం దగ్గర వదిలే నీరు అంతే ఉండి ఆయకట్టు పెరిగితే మొదట ఎండేది శివారు. దాళ్వాలో నీరు చాలనప్పుడు వంతులవారీగా ఇస్తారు. వ్యాపారంలో నీరంటే రొక్కం. డబ్బు చాలని గొలుసులో కూడా సరుకు వంతులవారీగానే వెళ్తుంది. బాగా నడిచే దుకాణానికి ముందు, మిగతావాటికి తర్వాత. శివారు దుకాణంలో అరలు ఖాళీగా కనిపిస్తాయి, వచ్చినవాడు ఉత్త చేతుల్తో వెళ్తాడు, అమ్మకం ఇంకా తగ్గుతుంది. పొలమైతే ఒక్క పంటే పోతుంది. అమెరికాలో అలాంటి దుకాణానికి అద్దె ఒప్పందం పదేళ్లకి ఉంటుంది.

నష్టం వచ్చిన రోజున గొలుసు కూలిపోదు. సరఫరాదారు అరువు ఆపిన రోజున కూలుతుంది. అమెరికాలో తయారీదార్లు తమ అరువుకి బీమా చేయించుకుంటారు. బీమా కంపెనీ ఫలానా కొట్టు మీద పరిమితి తగ్గించిందంటే, 60 రోజుల అరువిచ్చేవాడు ముందు డబ్బు కడితేనే లారీ ఎక్కిస్తానంటాడు. రొయ్యల మేత డీలర్లకి ఇది కొత్త కాదు. పట్టుబడి అయ్యాక ఇస్తామన్న రైతుల బాకీలు పేరుకుంటే, అడ్వాన్సు వేస్తే గానీ లోడు రాదని కంపెనీ తేల్చేస్తుంది.

బ్యాంకుదీ అదే తీరు. మన దగ్గర నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తాం. సరుకు విలువలోంచి సరఫరాదార్లకి ఇవ్వాల్సిన బాకీ తీసేసి, మిగిలినదాంట్లో మామూలుగా 25 శాతం మార్జిన్ కోసి డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు అప్పు ఎంతవరకు వాడుకోవచ్చో, లెక్క కడతారు. 70 లక్షల సరుకు, 30 లక్షల బాకీ ఉంటే 30 లక్షలే వాడుకోవచ్చు. కదలని పాత సరుకుని లెక్కలోంచి తీసేస్తే ఇంకా తగ్గుతుంది. బ్రాంచీలు పెరిగేకొద్దీ పెరిగేది ఈ కదలని సరుకే.

దివాలా పిటిషన్ వేశాక తేరుకోవడానికి టైము కూడా తక్కువ. 2005లో అమెరికా దివాలా చట్టం సవరించాక, ఏ దుకాణం అద్దె ఉంచుకోవాలో ఏది వదులుకోవాలో 210 రోజుల్లో తేల్చుకోవాలి. ముగింపు సేల్‌కి కొన్ని నెలలు కావాలి కాబట్టి అప్పులిచ్చినవాళ్లు మొదటి వారాల్లోనే తొందరపెడతారు. పండగ సీజను వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. గాండర్ మౌంటెన్‌ని 2017లో వేలంలో క్యాంపింగ్ వరల్డ్ కొంది. గాండర్ అవుట్‌డోర్స్ పేరుతో కొన్ని దుకాణాలే తిరిగి తెరుచుకున్నాయి.

దానికి ఏడాది ముందు, 2016 మార్చిలో, అమెరికాలోనే స్పోర్ట్స్ అథారిటీ అనే ఆటసామాన్ల గొలుసు దివాలా పిటిషన్ వేసి, తర్వాత మూతపడింది. 450కి పైగా దుకాణాలు, వంద కోట్ల డాలర్లు దాటిన అప్పు. అక్కడ సరఫరాదార్లు నేర్చుకున్న పాఠం ఇంకోటి. "అమ్ముడైతేనే డబ్బివ్వండి, లేకపోతే సరుకు వాపసు" అని పెట్టిన సరుకు ఎవరిదన్న తగాదా కోర్టుకెక్కింది. ఆ సరుకు తమదేనని ముందే రిజిస్టరు చేయించుకోని వాళ్ల మాట అక్కడ చెల్లడం కష్టం. సరుకు తమదనే ధీమాతో ఉన్నవాళ్లు బాకీదార్ల వరసలో నిలబడ్డారు. మీరట్, జలంధర్ నుంచి బ్యాట్లు ఇలాంటి పద్ధతిలో తెప్పించేవాళ్లూ, పంపేవాళ్లూ కాగితం రాసుకోవాలి. సరుకుని వేరే అరలో, వేరే జాబితాలో ఉంచాలి, స్టాక్ స్టేట్‌మెంట్‌లో సొంత సరుకుగా చూపించకూడదు.

బ్రాంచి పెట్టి తీరాలనుకునేవాళ్లకి రెండు మూడు మాటలు. అద్దె ఒప్పందంలో లాక్-ఇన్ ఎన్నాళ్లో ముందు చూడండి, మూసేసినా అన్నాళ్లూ అద్దె కట్టాల్సి వస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పించుకోవచ్చని 11 నెలలకే రాయించుకునేవాళ్లు, ఫర్నిచరు మీద 12 లక్షలు పోసేముందు ఆ కాగితం తమకెంత రక్షణో ఆలోచించుకోవాలి. బ్రాంచి చిరునామా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్‌లో చేర్పించండి. రెండు కొట్లూ రాష్ట్రంలోనే ఒకే నంబరు కింద ఉంటే, మిగిలిపోయిన 6, 10 సైజుల్ని డెలివరీ చలానా మీద అటూ ఇటూ మార్చుకోవచ్చు, విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు కావాలి. ఈ మార్పిడి నెలకోసారైనా చేయాలి. పాలకొల్లులో ఆరు నెలలుగా పడి ఉన్న 10 సైజు బూటు కోసం భీమవరంలో ఎవరో అడిగి వెళ్లిపోయి ఉంటారు.