కుమ్మరి సారె నేర్చుకోవడం: నా అనుభవం

హైదరాబాదులో పెద్దవాళ్ల కోసం నడిపే ఒక కుండల తరగతిలో చేరి, నిన్ననే నా మొదటి గిన్నెను కాల్పించి ఇంటికి తెచ్చుకున్నాను. ఆరుగురికి మించి చేర్చుకోబోమని చెప్పి, ఆ పేరు మీదనే ఎక్కువ ఫీజు వసూలు చేసిన ఆ స్టూడియోలో సారెలు మాత్రం నాలుగే ఉండడం వల్ల, ఎవరో ఇద్దరు ఎప్పుడూ బల్ల దగ్గర నిలబడి వంతు కోసం ఎదురుచూడవలసి వచ్చేది. చేరేముందు గోడల మీది ఫొటోలు చూసి మురిసిపోకుండా సారెలు లెక్కపెట్టుకోండి.

మట్టి పిసకడం, చపాతీ పిండి కలిపి అలవాటైన చేతులకు పెద్ద పనేమీ కాదు. నన్ను ఏడిపించింది ముద్దను సారె నడిమికి తేవడం. అది కుదరకపోతే తరువాతి పని ఏదీ సాగదు. గోడ ఒక పక్క మందంగా, మరొక పక్క పలుచగా లేచి, నాలుగు వేళ్ల ఎత్తు రాకముందే పలుచని వైపు చిరిగిపోతుంది. నేను ఎంత గట్టిగా అదిమితే ముద్ద అంత మొండిగా అరచేతిని తన్నేది. చేయి జారుతోందని నీళ్లు పోస్తే మట్టి మెత్తబడి బురదయ్యేది. చిటికెన వేలి కింద చర్మం, మట్టిలోని రవ్వకు ఒరుసుకుని ఎర్రగా కందిపోయింది. ఒకరోజు ముద్ద మొత్తం ఊడి ఎగిరి పక్కావిడ ఒడిలో పడింది. పాతికేళ్లు బ్యాంకు కౌంటరులో పైసా తేడా రాకుండా లెక్క అప్పజెప్పిన నన్ను చూసి, కాలేజీ పిల్లలతో సహా అందరూ నవ్వారు. మాకు నేర్పే ఆవిడ మాత్రం, "మట్టితో పోరాడకండి, మాట్లాడండి" అని చిరునవ్వుతో సలహా ఇచ్చి వెళ్లిపోయారు. ఏం మాట్లాడాలో ఆవిడ చెప్పలేదు.

చివరకు దారి చూపింది ఆ స్టూడియోలో మట్టి కలిపి, సారెలు కడిగే పెద్దాయన. ఆయనది తరతరాలుగా కుండలు చేసిన ఇల్లు. "చేతుల బలం కాదు మేడం, ఎడమ మోచెయ్యి తొడకు గట్టిగ ఆనియ్యుండ్రి. మట్టి కదిలినా మీరు కదలొద్దు" అన్నారు. మోచేయి తొడకు ఆనగానే తోసేది చేయి కాక ఒంటి బరువయింది. ఎడమ అరచేయి పక్క నుంచి, కుడి అరచేతిలో మణికట్టు వైపు భాగం పై నుంచి ఒక్కసారే అదమాలనీ, నిలిచిన తరువాత చేతులను చటుక్కున తీయకుండా మెల్లగా వదలాలనీ కూడా ఆయనే చూపించారు. కర్రతో తిప్పే పాత సారె వేగం తగ్గేలోపు పని ముగించాలి కాబట్టి, ఊళ్లో పెద్ద ముద్ద పెట్టుకుని, దాని కొసను మాత్రమే నడిమికి తెచ్చి, ప్రమిదలు ఒకదాని తరువాత ఒకటి దారంతో కోసి తీసేవారట. మాలాంటి కొత్తవాళ్లకు మొదట నేర్పవలసింది ఆ పద్ధతే కదా! విద్య ఉన్నవారి చేతికి చీపురిచ్చి, మాటలు ఉన్నవారి చేతికి ఫీజు ఇచ్చే తీరు మన దగ్గర ఇంకా పోలేదు.

ముద్ద నిలిచాక బొటనవేళ్లతో గుంట చేయడం, గోడ లేపడం కొద్ది వారాల్లోనే పట్టుబడ్డాయి. సగం ఆరిన గిన్నెను బోర్లించి అడుగు చెక్కడం అన్నిటికంటే హాయైన పని.

కాల్పు దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. సుమారు వెయ్యి డిగ్రీల మొదటి కాల్పుకు, పన్నెండు వందలు దాటే గ్లేజు (గాజులాంటి పూత) కాల్పుకు వేరువేరుగా డబ్బు కట్టాలని ఆఖరున చెప్పారు. ఫీజులో ఏమేమి ఉన్నాయో ముందే కాగితం మీద రాయించుకోండి. గాలి బుడగ ఉంటే గిన్నె బట్టీలో పేలుతుందని అక్కడ అందరినీ బెదిరిస్తారు గానీ, పేల్చేది ఎక్కువగా లోపల మిగిలిన తడి. అది ఆవిరై బయటపడే దారి దొరకక పగలగొడుతుంది. అడుగు మందంగా ఉన్నవాటిని తొందరపడి బట్టీకి ఇవ్వకండి. మట్టి ఆరి, కాలి ముగిసేసరికి కొలతలో పదో వంతుకు పైగా కుదించుకుపోతుంది కాబట్టి, పెరుగు కోసం చేసిన నా గిన్నె పచ్చడికి సరిపోయేటంత అయింది.

వచ్చే నెల నుంచి ఆదివారాలు ఆ పెద్దాయన ఇంటి దగ్గరే నేర్చుకోవడానికి మాట్లాడుకున్నాను. ఫీజు నేరుగా ఆయన చేతికే ఇస్తాను.