మాస్కు పెట్టుకున్నా నిద్ర రాలేదు

నిద్ర పట్టడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన అడిగిన మొదటి మాట "గురక పెడతారామ్మా?" అని. నా బాధ గురక కాదు. పదింటికి పడుకుంటే పన్నెండు దాటినా కళ్ళు మూతపడవు. ఎలాగో పట్టిన నిద్ర మూడింటికల్లా తెగిపోతుంది. పొద్దున్నే నోరు ఎండిపోయి, తల దిమ్ముగా ఉండేది. నెలసరి ఆగిపోయాక మొదలైన గొడవ కాబట్టి ఇంట్లో, స్కూల్లో అందరూ "ఈ వయసులో మామూలే" అనేశారు. నా గురక సంగతి మావారికి తెలుసు. ఆయన గురక ముందు నాదొక లెక్కా అని ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

"నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఒకటుంది, స్లీప్ ఆప్నియా అంటారు. ఆడవాళ్ళలో అది చాలాసార్లు నిద్ర రావట్లేదనో, నీరసమనో పేరు పెట్టుకుని వస్తుంది" అన్నారు డాక్టరు గారు. నెలసరి ఆగిపోయాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తగ్గుతుందట. గొంతు దారిని బిగువుగా ఉంచడంలో దానికీ పాత్ర ఉందట. రాత్రి నిద్రపోతుండగా చేసే పరీక్ష, స్లీప్ స్టడీ, రాశారు.

తల మీద జిగురు పూసి వైర్లు అంటించారు. ముక్కులో సన్నటి గొట్టం, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, వేలికి క్లిప్పు. "ఇలా కట్టేస్తే నిద్రెలా పడుతుంది బాబూ?" అంటే, "అందరూ అదే అంటారు మేడమ్, చివరికి అందరూ పడుకుంటారు" అన్నాడు టెక్నీషియన్ కుర్రాడు. రిపోర్టులో గంటకి 34 అని వచ్చింది. అంటే నిద్రలో గంటకి 34 సార్లు కనీసం పదేసి సెకన్ల పాటు ఊపిరి ఆగడమో, బాగా సన్నగిల్లడమో జరుగుతోందన్నమాట. 30 దాటితే తీవ్రమైనట్టే. ఒక దశలో రక్తంలో ఆక్సిజన్ 78 శాతానికి పడిపోయింది. ఆ జిగురు జుట్టులోంచి పోవడానికి రెండుసార్లు తలంటుకోవాల్సొచ్చింది.

సీపాప్ మిషన్ తెచ్చుకున్నాం. ముక్కుకి పెట్టుకునే మాస్కులోంచి గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. 1980లో సిడ్నీలో డాక్టర్ కోలిన్ సల్లివన్ మొదటిసారి దీన్ని వాడినప్పుడు వాక్యూమ్ క్లీనర్ మోటారు పెట్టారని చదివి, నాది నయం, పెద్దగా చప్పుడు చేయదు అనుకున్నాను. వారం తిరిగేసరికి యాప్‌లో ఆ 34 కాస్తా 3కి దిగింది. మావారు సంబరపడ్డారు.

నాకు మాత్రం నిద్ర రాలేదు! ఇదివరకు ఊరికే మేలుకుని ఉండేదాన్ని, ఇప్పుడు మొహానికి పట్టీలు బిగించుకుని మేలుకుంటున్నాను. రెండింటికి విసుగొచ్చి మాస్కు తీసి పక్కన పడేసేదాన్ని. తీసిన కాసేపటికి నిద్ర పట్టేది, దాంతోపాటే ఊపిరి ఆగడమూ మొదలయ్యేది. మా స్టాఫ్ రూమ్‌లో ఒకావిడ అల్ప్రాజోలం అనే మత్తు బిళ్ళ సగం వేసుకోమంది. డాక్టరు గారిని అడిగితే గట్టిగా వద్దన్నారు. అలాంటి మందులు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి, ఊపిరి అందడం లేదని ఒళ్ళు లేపే ప్రయత్నాన్నీ మందగింపజేస్తాయి.

"మీకున్నవి రెండు జబ్బులు, ఊపిరి ఆగడం ఒకటి, నిద్రలేమి ఒకటి. మిషన్ ఒకదానికే" అన్నారాయన. ఈ రెండూ కలిసి రావచ్చని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో గిల్మినో అనే డాక్టరు బృందం 1973లోనే రాసింది. ఇప్పుడు ఇలా రెండూ కలిసి ఉండడాన్ని కొమీసా అంటున్నారు. ఊపిరి ఆగి మాటిమాటికీ మెలకువ వచ్చే మనిషికి కొన్నాళ్ళకి మంచం చూస్తేనే బెంగ పట్టుకుంటుంది. తర్వాత ఊపిరి సర్దుకున్నా ఆ బెంగ దానంతటదే పోదు.

దానికి మందు సీబీటీ-ఐ, అంటే బిళ్ళలు లేకుండా నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే చికిత్స. విశాఖలోని ఒక సైకాలజిస్టు వీడియో కాల్‌లో చెప్పేవారు. ముందు నిద్ర లెక్క రాయించారు. మంచం మీద ఎనిమిది గంటలుంటే నిద్ర అయిదు గంటలే. "అయితే మంచం మీద ఉండాల్సింది అయిదున్నర గంటలే, పన్నెండున్నర నుంచి ఆరు దాకా" అన్నారు. నిద్ర రాని మనిషిని ఇంకా మేలుకోమనడం ఏం వైద్యమని నాకు ఒళ్ళు మండింది. పన్నెండున్నర దాకా ఏం చేయను? చీరలు ఇస్త్రీ చేశాను. వేరుశనక్కాయలు ఒలిచాను. మధ్యాహ్నం కునుకు బంద్. మంచమెక్కాక నిద్ర రాకపోతే లేచి హాల్లో కూర్చోవడం, మత్తు వస్తేనే మళ్ళీ వెళ్ళడం. ఆ వారాల్లో పగలు తూగొస్తుందని స్కూటీ ఆపించారు. మామూలు నిద్రలేమి వాళ్ళకంటే రెండు జబ్బులూ ఉన్న నాలాంటి వాళ్ళకి ఈ జాగ్రత్త ఎక్కువ కావాలట. స్కూలుకి ఆటోలో వెళ్ళాను.

మాస్కుకి వేరే పాఠం. సాయంత్రం టీవీ చూస్తూ, మిషన్ ఆన్ చేసి, మాస్కు పెట్టుకుని ఊరికే కూర్చోవాలి. నిద్రపోవాలనే ఆలోచనే ఉండకూడదు. మాస్కు గొట్టం చూసి మా మనవడు ఏనుగొచ్చిందని అరిచేవాడు. గాలి తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరిగేలా ర్యాంప్ పెట్టించాక ఉక్కిరిబిక్కిరి తగ్గింది. కరెంటు పోతుందనే భయానికి మాత్రం ఇన్వర్టరే మందు.

మంచం మీద గడిపే సమయంలో నూటికి ఎనభై అయిదు వంతులు నిద్రే ఉంటే పావుగంట పెంచేవారు. అలా పెంచుకుంటూ ఇప్పుడు పదకొండుకి చేరాను. మాస్కు తెల్లారేదాకా ఉంటోంది. పెళ్ళిళ్ళ ముందు రోజుల్లో, ఒంట్లో బాగోనప్పుడు పాత జాగారం మళ్ళీ వస్తుంది. వచ్చిన రోజున లేచి హాల్లో కూర్చుంటాను.

తెనాలిలో మా అక్క ఏళ్ళ తరబడి నిద్రబిళ్ళల మీదే ఉంది. నా సంగతి విని "నీ మిషన్ ఓ నెల పంపవే, చూస్తాను" అంది. "ఒత్తిడి ఎవరికి వాళ్ళకి చూసి పెట్టాలే, ముందు పరీక్ష చేయించుకో" అన్నాను. "నేను గురక పెట్టనే" అంది. పక్కనుంచి బావగారి దగ్గు వినిపించింది. వచ్చే వారం తీసుకెళ్తానని ఆయనే మాటిచ్చారు.