స్టాంపింగ్ లేకుండా ఓడెక్కితే

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు గుడిలో కలిసినా, పిల్లల పుట్టినరోజు పార్టీలో కలిసినా, సెలవులు దగ్గరపడేసరికి ఒకే మాట అడుగుతారు. "వీసా స్టాంప్ ఎక్స్‌పైర్ అయింది, క్రూజ్‌కి వెళ్లొచ్చా?" ఒకరు మేం హాయిగా వెళ్లొచ్చాం అంటారు. ఇంకొకరు పొరపాటున కూడా వెళ్లకండి అంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు. తేడా అంతా ఓడ ఏ రేవుల్లో ఆగుతుందన్న దగ్గరే ఉంది.

మా టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి బయల్దేరే ఓడల్లో నాలుగైదు రోజులవి ఎక్కువగా కోజుమెల్, ప్రోగ్రెసో వెళ్తాయి. రెండూ మెక్సికోలోవే. వారం రోజుల ఓడలైతే చాలావరకు కోజుమెల్‌తో పాటు హోండురస్‌లోని రోఅటాన్‌లోనో, బెలిజ్‌లోనో కూడా ఆగుతాయి. మనలాంటి వాళ్లకోసం ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని ఒక నియమం ఉంది. పాస్‌పోర్టులో వీసా గడువు తీరిపోయినా, ఐ-94 (అమెరికాలో ఏ తేదీ వరకు ఉండొచ్చో చెప్పే రికార్డు) ఇంకా చెల్లుతూ, స్టేటస్, అంటే ఇక్కడ ఉండే అనుమతి, సరిగ్గా ఉండి, 30 రోజులు మించకుండా కెనడాకో మెక్సికోకో మాత్రమే వెళ్లొస్తే ఆ పాత వీసాతోనే లోపలికి రానిస్తారు. వెళ్లినచోట కొత్త వీసాకు అప్లై చేసి ఉండకూడదు. దారిలో రోఅటాన్ ఒక్కటి తగిలినా హెచ్1బీ ఉద్యోగ వీసా వాళ్లకు ఈ నియమం పనికిరాదు. ఫ్లోరిడా నుంచి బహామాస్ వెళ్లే ఓడలదీ అదే సంగతి. ఎఫ్1 వీసా మీద చదువుకునే పిల్లలకు క్యూబా తప్ప చుట్టుపక్కల దీవులకు కూడా వెసులుబాటు ఉంది. చదువుకునే రోజుల్లో బహామాస్ వెళ్లొచ్చినవాడు ఉద్యోగం వచ్చాక అదే ధైర్యంతో టికెట్ కొంటే చిక్కుల్లో పడతాడు.

అందుకే ఎవరడిగినా నేను ఒకటే చెబుతాను. డీల్ ఎంత బాగున్నా ధర తర్వాత చూద్దురుగాని, ముందు రేవుల పేర్లు చూడండి. ఆ వెంటనే మీ పాస్‌పోర్టు తెరవండి.

నాకు దీనిమీద ఇంత పట్టింపు ఎందుకంటే మా స్టాంపుల గడువు తీరి చాలాకాలమైంది. ఎక్స్‌టెన్షన్ ఇక్కడే అవుతుంది, అది ఆమోదించినట్టు ఐ-797 కాగితం వస్తుంది, ఉద్యోగం ఆగదు. ఇండియా వెళ్తే మాత్రం మళ్లీ స్టాంప్ వేయించుకునే రావాలి. మాకు స్టాంపింగ్ అంటే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటే. 2025 డిసెంబర్‌లో హెచ్1బీ వాళ్లవి, వాళ్లమీద ఆధారపడి హెచ్4 వీసాతో ఉండే కుటుంబసభ్యులవి సోషల్ మీడియా ఖాతాలు కూడా పరిశీలించడం మొదలయ్యాక ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి జరిగాయి. సెలవుమీద వెళ్లినవాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. మా ఆడపడుచు పెళ్లి మేం ఫోన్‌లో చూశాం. జీలకర్రబెల్లం పెట్టే సమయానికి ఎవరో ఫోన్‌కి అడ్డం నిలబడ్డారు. మా ఆయన "పక్కకి జరగండి, పక్కకి జరగండి" అని అరుస్తూనే ఉన్నారు, ఆ సన్నాయిలో అక్కడ ఎవరికీ వినపడలేదు. ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లు స్టాంపింగ్ మాట లేకుండా వెళ్లిరాగలిగే దేశాలు రెండే. అందులో ఒకదానికి ఓడమీద వెళ్లే వీలుందంటే అది మాకు చాలా పెద్ద సంగతి.

మొన్న చలికాలం అత్తయ్యగారు, మామయ్యగారు ఖమ్మం జిల్లా నుంచి వచ్చినప్పుడు వెళ్లాం. కంపెనీ లాయర్‌ని అడిగాకే బుక్ చేశాం. మెక్సికోలో దిగడానికి మాకేం కావాలో ఓడ కంపెనీనే ఈమెయిల్‌లో అడిగి జవాబు దగ్గర పెట్టుకున్నాం. ఒకే ఇంట్లో నాలుగు రకాల కాగితాలు మావి. నాది హెచ్1బీ, మా ఆయనది హెచ్4, పెద్దవాళ్లది విజిటర్ వీసా, టెక్సస్‌లో పుట్టిన బాబుది అమెరికన్ పాస్‌పోర్టు. ఎక్కిన రేవులోనే దిగే ఓడ కాబట్టి అమెరికా పౌరులకు పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, బర్త్ సర్టిఫికెట్, డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే చాలు. మా ముందున్న కుటుంబం ఆ రెండూ చూపించి నిమిషంలో వెళ్లిపోయింది. మా దగ్గరికి వచ్చేసరికి చెక్-ఇన్ అమ్మాయి నా వీసా పేజీ దగ్గర ఆగింది. "ఇది ఎక్స్‌పైర్ అయింది కదా" అంటూ పై అధికారిని పిలిచింది. ఆ నియమం ప్రింట్, ఐ-797, ఐ-94, ఈమధ్య పే స్లిప్పులు వరుసగా బల్లమీద పెట్టాను. ఆయన మొదటి పేజీ చదివి తలూపాడు. ఆ ఫైలు లేకపోతే ఓడ వెళ్లిపోయేదని నా నమ్మకం. తనిఖీ మొదలయ్యేది తిరిగొచ్చాక కాదు, ఎక్కేటప్పుడే.

దిగేముందు రాత్రి పెట్టెలకు ట్యాగులు కట్టి క్యాబిన్ తలుపు బయట పెట్టేయాలి. పొద్దున్న వేసుకునే బట్టలు, మందులు, పాస్‌పోర్టులు మాత్రం చేతిసంచిలో ఉంచుకోండి. పెట్టెతో పాటు పాస్‌పోర్టు కూడా వెళ్లిపోయిందంటే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేం.

పొద్దున్నే అత్తయ్యగారి సంచిలో మూడు యాపిల్స్ కనిపించాయి. బఫేలో బాబుకోసమని తీసి పెట్టుకున్నారు.

"అత్తయ్యా, పళ్లు బయటికి తేకూడదు. అక్కడ వాసన పట్టే కుక్కలుంటాయి, చెప్పకుండా తెస్తే ఫైన్ వేస్తారు."

"ఓడవాళ్లు పెట్టినవే కదమ్మా, మనమేమన్నా దొంగతనంగా తెచ్చామా?"

"అది కాదు అత్తయ్యా. పండులో పురుగు ఉంటే ఇక్కడి తోటలకి అంటుకుంటుందని భయం."

ఆమె ఒక్క క్షణం ఆగారు. "మన మిరపకి నల్ల తామర పురుగు వచ్చినట్టా?" అన్నారు. 2021లో బయటిదేశపు పురుగు ఖమ్మం మిర్చి రైతులను ఎలా ముంచిందో ఆమె సొంత చేలో చూసిన మనిషి. ఇంకో మాట లేకుండా యాపిల్స్ తీసి టేబుల్ మీద పెట్టేశారు. కస్టమ్స్ నియమం ఇంత తొందరగా, ఇంత బాగా అర్థం చేసుకున్నవాళ్లను నేను వేరే చూడలేదు.

మిగతా లెక్కలు తేలికే. కొన్న వస్తువులు మనిషికి 800 డాలర్ల వరకు, 21 ఏళ్లు దాటినవాళ్లకు మద్యం ఒక లీటరు వరకు సుంకం ఉండదు. నగదు కుటుంబం మొత్తం మీద 10,000 డాలర్లు దాటితే తప్పనిసరిగా రాసివ్వాలి. తెచ్చుకోవడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. బంగారం వేసుకెళ్లేవాళ్లు ముందే 4457 ఫారం మీద కస్టమ్స్ వాళ్లతో నమోదు చేయించుకోవచ్చు. పెద్దవాళ్ల మెడలో, చేతులకు ఉన్నవాటి గురించి మనకు ఉండే భయం దానితో సగం పోతుంది.

టెర్మినల్‌లో అందరూ కెమెరా ముందు ఆగి వెళ్తుంటే, మమ్మల్ని ఆఫీసరు కౌంటర్ వైపు పంపారు. నన్ను నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఎక్కడ పనిచేస్తున్నారు, ఏం పని, ఎక్కడెక్కడ ఆగారు, ఎన్ని రోజులైంది. నా వంతు అయిపోయింది. అత్తయ్యగారి వేళ్ల దగ్గర మాత్రం ఆగిపోయింది. 14 నుంచి 79 ఏళ్ల మధ్య వాళ్లు వేలిముద్రలు ఇవ్వాల్సిందే. ఏళ్లకేళ్లు మిరపకాయలు కోసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లు అవి. గాజుపలక మీద పెట్టిన ప్రతిసారీ ఎర్రలైటు. ఆమె భయంగా నావైపు చూశారు, తానేదో తప్పు చేసినట్టు. ఆఫీసరు తడి టిష్యూ ఒకటి ఇచ్చి, తుడుచుకుని గట్టిగా నొక్కమని తన చేత్తో చూపించాడు. "నెమ్మదిగా నొక్కి ఉంచండి అత్తయ్యా, తొందరేం లేదు" అన్నాను. పచ్చలైటు వెలిగాక మామయ్యగారు ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్లు తిప్పి చూశారు. నలుగురిలో ఆయన అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు.

చాలామంది పార్కింగ్‌కి చేరగానే అయిపోయిందనుకుంటారు. ఇంటికెళ్లాక అందరి ఐ-94 వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. కొత్తది జారీ అయితే ఇక చెల్లేది దానిమీది తేదీయే, ఐ-797 అడుగున ఉన్నది కాదు. పాస్‌పోర్టు గడువు ముందుగా తీరిపోతుంటే ఐ-94ని అక్కడికే కత్తిరిస్తారు, కంపెనీ వేసిన హెచ్1బీ పిటిషన్ గడువు ఇంకా రెండేళ్లు ఉన్నా సరే. అలా కుదించింది గమనించక, స్టేటస్ లేకుండానే పనిచేసుకుంటూ పోయి తర్వాత లాయర్ల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. తేదీ పొరపాటున పడితే, ఇలాంటి తప్పులు సరిదిద్దే కస్టమ్స్ వాళ్ల డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేస్తారు. విజిటర్ వీసా మీద ఉన్న పెద్దవాళ్లకు ఓడ దిగగానే మళ్లీ ఆరు నెలలు వస్తాయని లెక్కవేసుకోకండి. మా వాళ్లకు పాత తేదీనే ఉంచారు. తిరుగు టికెట్ దానికి ముందే ఉంది కాబట్టి సరిపోయింది.