తోయకముందు రెండు నిమిషాలు: సెల్ఫ్ ఒకసారి పడి ఒకసారి పడని పాత బండ్లు

"అన్నా, నిన్న సాయంత్రం బాగానే ఉన్నింది, ఈ పొద్దు సెల్ఫ్ పడలే. నలుగురం తోస్తే స్టార్ట్ అయింది."

పాత బొలెరోనో, సుమోనో, కమాండర్ జీపో షెడ్డుకు తెచ్చేవాళ్లు చెప్పే మాట ఇదే. మెకానిక్ కీ తిప్పుతాడు, బండి ఒక్క దెబ్బకే అందుకుంటుంది. ఇక అక్కణ్ణుంచి అంతా ఊహే. మొదట బ్యాటరీ మారుస్తారు. నెల పోయాక సెల్ఫ్ మోటారు దించి కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) వేస్తారు. ఆ తర్వాత ఇగ్నిషన్ స్విచ్. డబ్బులు పోతాయి, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది.

వచ్చిపోయే జబ్బు అది లేనప్పుడు వెతికితే దొరకదు. బండి మొండికేసిన ఆ రెండు నిమిషాల్లోనే బయటపడుతుంది. తోసి స్టార్ట్ చేశామంటే దొరికిన ఆనవాలును చేజేతులా పోగొట్టుకున్నట్టే. అందుకని బండిలో ఒక మల్టీమీటరు, ఒక టెస్ట్ ల్యాంపు, మీటరు తీగలు పొడిగించుకోవడానికి పదడుగుల సన్న వైరు ఎప్పుడూ ఉండాలి. మామూలు డిజిటల్ మీటరు చాలు.

మొదటి పరీక్షకు మీటరు కూడా అక్కర్లేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, హెడ్‌లైట్లు వెలిగించండి. కీ తిప్పుతూ చెవి ఇంజిన్ మీద, కన్ను వెలుతురు మీద పెట్టండి. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉంది. లైట్లు ఎర్రబడి టకటకటక అని వరసగా కొడితే బ్యాటరీ దిగిపోయింది, లేదా దాని క్లాంపు (బొడిపెను పట్టుకునే కేబులు బిగింపు) సరిగ్గా పట్టడం లేదు. లైట్లు అలాగే ఉండి ఒక్కసారే టిక్ అని ఆగిపోతే సాలినాయిడ్ (సెల్ఫ్ మీది అయస్కాంత స్విచ్) లోపలి కాంటాక్టులు, కార్బన్లు, ఇంజిన్ ఎర్తు (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగివెళ్లే దారి), ఈ మూడింట్లో ఒకటి. లైట్లు అలాగే ఉండి అసలు చప్పుడే లేకపోతే కీ నుంచి సాలినాయిడ్‌కు కరెంటు చేరడం లేదు.

బ్యాటరీ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12.0కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ తిరిగేటప్పుడు 10కి తగ్గకుండా ఉంటే మంచిది. 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీ బలహీనం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. 15 దాటితే డైనమో కటౌట్ (వోల్టేజిని అదుపులో ఉంచేది) పోయింది, బ్యాటరీ నీళ్లు ఉడికి ఆవిరైపోతాయి. 43, 44 డిగ్రీలు కాసే మన కర్నూలు, కడప ఎండల్లో నీళ్ల మట్టం పదిహేను రోజులకొకసారి చూడాలి. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయొద్దు. బోరు నీళ్లలో ఉండే ఉప్పులు ప్లేట్లను తినేస్తాయి.

అసలు దొంగ ఎక్కువసార్లు ఉండేది తీగల్లో, ముఖ్యంగా ఎర్తులో. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. దానికీ ఛాసిస్‌కూ మధ్య కరెంటు దారి ఒక రాగి అల్లిక పట్టీ. క్లచ్ పని చేసినప్పుడో, ఇంజిన్ దించినప్పుడో దాన్ని విప్పి, మళ్లీ పెయింటు మీదే బిగిస్తారు, లేదంటే బిగించడమే మరిచిపోతారు. హెడ్‌లైట్లకు ఎర్తు బాడీ నుంచి వస్తుంది కాబట్టి అవి ధగధగా వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం టిక్‌మని ఊరుకుంటుంది. కరెంటు వేరే దారి వెతుక్కుంటూ యాక్సిలరేటర్ కేబులు మీదుగా పోతుంది. రెండుమూడు సార్లు సెల్ఫ్ కొట్టాక ఆ కేబులు తొడుగు వేడెక్కిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

దీన్ని ఓమ్స్‌లో కొలవకండి, దొరకదు. సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగేటప్పుడు జాయింటులో ఓమ్‌లో నూరో వంతు అడ్డం (రెసిస్టెన్స్) ఉన్నా 2 వోల్టులు అక్కడే పోతాయి. మీటరు తీగలకే అంతకంటే ఎక్కువ అడ్డం ఉంటుంది. వోల్టుల్లో, అదీ సెల్ఫ్ కొట్టేటప్పుడే కొలవాలి. మీటరు నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ సీసపు బొడిపె మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, బొడిపె మీదే. ఎర్ర తీగను ఇంజిన్ బ్లాకు మీద గీకిన తావున ఆనించి, ఇంకొకరిని కీ తిప్పమనండి. 0.2 లోపల చూపితే ఎర్తు బాగున్నట్టు. 1 వోల్టు చూపిందంటే దొంగ దొరికాడు. ఎర్ర తీగను క్లాంపుకు, ఛాసిస్ బోల్టుకు, బ్లాకుకు వరసగా జరుపుతూ పోతే అంకె ఎక్కడ ఎగబాకిందో ఆ జాయింటే చెడింది. పాజిటివ్ వైపు కూడా ఇంతే: బ్యాటరీ బొడిపె నుంచి సెల్ఫ్ మీది పెద్ద బోల్టు దాకా 0.5 దాటకూడదు.

బాగుచేయడం పెద్ద పని కాదు. మొదట నెగటివ్ విప్పండి, బిగించేటప్పుడు అదే చివర. బొడిపె మీది తెల్ల, పచ్చ పూతను గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి కడగండి. ఆ నీళ్లు సెల్లుల్లోకి దిగకూడదు. ఉప్పు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. క్లాంపు దగ్గర కేబులు తొడుగు రెండంగుళాలు కోసి చూడండి. లోపల రాగి నల్లగా, పొడిపొడిగా ఉంటే కేబులే మార్చాలి. డీజిల్ బండికి 35 చదరపు మిల్లీమీటర్ల కేబులు వేయించండి. కేబులు చివర సుత్తితో కొట్టిన లగ్ (బోల్టుకు తగిలించే లోహపు కొన) కాకుండా క్రింపింగ్ పనిముట్టుతో నొక్కిన లగ్ ఉండాలి. ఛాసిస్ మీద పెయింటు గీకిన తర్వాతే ఎర్తు బోల్టు బిగించాలి. తాడిపత్రి, బేతంచెర్ల బండల గనుల మధ్య తిరిగే బండ్లకు ఈ జాయింట్ల మీద దుమ్ము అట్టకడుతుంది కాబట్టి ఏడాదికొకసారి విప్పి తుడవడం అవసరం.

ఇక వేడి మీద మాత్రమే వచ్చే జబ్బు. అనంతపురం నుంచి కర్నూలు పోతూ డోన్ దగ్గర టీకి ఆపుతారు, పదిహేను నిమిషాల తర్వాత సెల్ఫ్ పడదు. అరగంట ఆగితే పడుతుంది. బండి ఆగాక గాలి ఆడదు, ఇంజిన్ వేడంతా పక్కనే ఉన్న సెల్ఫ్‌లోకి దిగుతుంది. సాలినాయిడ్ లోపలి రాగి చుట్ట 20 నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే దాని అడ్డం దాదాపు 30 శాతం పెరుగుతుంది, లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు బొటాబొటిగా సరిపోయిన వోల్టేజి అప్పుడు చాలదు.

ఆ క్షణాన సాలినాయిడ్ మీది సన్న వైరు బోల్టు దగ్గర కొలవండి. కీ తిప్పినప్పుడు అక్కడ 8, 9 వోల్టులే ఉండి, అదే సమయంలో బ్యాటరీ దగ్గర 12 ఉంటే ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టులు అరిగాయి, లేదా మధ్య కనెక్టరు కాలింది. స్విచ్ మార్చడం కన్నా నాలుగు పిన్నుల 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) వేయడమే నా లెక్కలో మంచి పరిష్కారం. పిన్ను 30కి బ్యాటరీ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా, 87 నుంచి సాలినాయిడ్ సన్న బోల్టుకు, 86కి కీ నుంచి వచ్చే పాత వైరు, 85 ఎర్తుకు. 30, 87లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడండి. కీ మీద బరువు తగ్గిపోతుంది.

సన్న బోల్టు దగ్గర వోల్టేజి సరిగ్గా ఉండి, టిక్ అన్నా కూడా మోటారు తిరగకపోతే, సాలినాయిడ్ మీది రెండు పెద్ద బోల్టుల మధ్య మీటరు పెట్టి కీ తిప్పండి. 12 చూపితే లోపల ఆ రెండు బోల్టులనూ కలిపే రాగి బిళ్ల కాలిపోయింది. సున్నా దగ్గరికి వస్తే బిళ్ల బాగానే ఉంది, కార్బన్లు అరిగి కమ్యుటేటర్‌కు (కార్బన్లు రాసుకునే రాగి పట్టీల గుండ్రటి భాగం) ఆనడం లేదు. అలాంటప్పుడు సెల్ఫ్ బాడీ మీద చెక్కతో మెల్లగా తడితే పడుతుంది. అది ఇంటికి చేరడానికి పనికొచ్చే ఉపాయం మాత్రమే. విప్పినప్పుడు కార్బన్లతో పాటు బుష్షులూ మార్పించండి. ఇరుసును పట్టి ఉంచే బుష్షు అరిగితే ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే భాగం) పక్కకు వాలి చుట్టూ ఉన్న పోల్ ముక్కలకు రాసుకుంటుంది, వేడి మీద సెల్ఫ్ భారంగా తిరగడానికి అదీ కారణమే.

సెల్ఫ్ చురుగ్గా తిరిగి ఇంజిన్ అందుకోకపోతే కథ వేరు. సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి కొట్టకండి, కొట్టిన ప్రతిసారీ నిమిషం ఆపండి. డీజిల్ పంపు మీద స్టాప్ సాలినాయిడ్ (డీజిల్‌ను వదిలి, ఆపే కరెంటు వాల్వు) ఉంటే కీ ఆన్ చేయగానే టక్‌మనాలి. అనకపోతే దాని వైరు చూడండి. అది బాగుంటే డీజిల్ పైపుల్లో గాలి పట్టిందని అనుమానించాలి. పొద్దున కీ తిప్పకముందు ఫిల్టర్ దగ్గరి చేతి పంపు ఇరవై ముప్పైసార్లు కొట్టండి. వెంటనే స్టార్ట్ అయితే రాత్రి డీజిల్ ట్యాంకులోకి జారిపోతోంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య లీకయితే బయట చుక్క కనిపించదు, ఎందుకంటే అక్కడ డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య అడుగు పొడవు పారదర్శక డీజిల్ పైపు తాత్కాలికంగా వేస్తే బుడగలు కళ్లకే కనిపిస్తాయి. ట్యాంకు దగ్గర ఎండి పగిలిన రబ్బరు పైపు, ఫిల్టర్ వాషరు, బాంజో బోల్టుల (పైపును బిగించే, మధ్యలో రంధ్రమున్న బోల్టులు) రాగి వాషర్లు, ఈ వరసలో చూడండి. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయాలి.

కార్బురేటర్ పెట్రోలు బండ్లలో ఎండకు కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మరిగి, ఎక్కువ పెట్రోలు దిగి ఇంజిన్ మునిగిపోతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, పంపు చేయకుండా ఐదు సెకన్లు కొట్టండి. అప్పటికీ పట్టకపోతే ప్లగ్గు విప్పి నిప్పు చూడాలి. వేడి మీద మాత్రమే నిప్పు పోతుంటే కాయిల్‌నో కండెన్సర్‌నో అనుమానించాలి.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది సెల్ఫ్ జబ్బనే అనుకుంటారు. కీ తిప్పగానే గర్రుమని రాపిడి, ఇంజిన్ తిరగదు, బండిని గేర్లో వేసి జానెడు ముందుకు నెడితే మామూలుగా పడుతుంది. సెల్ఫ్ తిప్పేది ఫ్లైవీల్ (ఇంజిన్ వెనకుండే బరువైన చక్రం) చుట్టూ ఉన్న పళ్ల రింగును. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగేటప్పుడు ఆ ఫ్లైవీల్ దాదాపు ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు తావుల్లోనే నిలబడుతుంది. కాబట్టి పళ్లు ఆ రెండు చోట్లే అరుగుతాయి. సెల్ఫ్ దించి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, ఒకరు ఇంజిన్‌ను చేత్తో తిప్పుతుంటే చుట్టూ చూడండి. అరిగిన పళ్లు గుండ్రమై మెరుస్తుంటాయి. రింగు మార్చాలంటే గేరుబాక్సు దించాల్సిందే. దించినప్పుడు క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు కూడా చూపించండి, మళ్లీ బిగించేటప్పుడు ఎర్తు పట్టీ దాని తావులోకి వచ్చిందో లేదో దగ్గరుండి చూడండి.