తుగు స్టేషన్ పక్కన బల్ల

ఇండోనేషియాలో, జావా దీవి మీది యోగ్యకర్తలో అయిదు రోజులున్నాను. వాటిలో రెండింటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మలియొబొరో వీధిలో బాతిక్ గుడ్డలు బేరమాడాను, పాత గుళ్లున్న ప్రంబనన్‌లో ఎండకు తల నొప్పి తెచ్చుకున్నాను. మిగిలిన మూడు రోజులు మాత్రం ఇంకా నన్ను వదలడం లేదు.

తుగు స్టేషన్లో రైలు దిగేసరికి వాన. జనవరిలో వాన పడుతుందని చదువుకునే వెళ్లాను గాని ఇంత పంతం పట్టి కురుస్తుందనుకోలేదు. స్టేషన్ బయట బెచక్ అనే మూడు చక్రాల బండివాడు రెండు కిలోమీటర్లకు లక్ష రూపియాలు అడిగాడు. లక్ష అనే మాటకే గుండె ఝల్లుమంది. మన లెక్కలోకి మార్చుకుంటే అయిదు వందల పైచిలుకు. అప్పుడూ అది అన్యాయమే. కాకినాడ స్టేషన్ బయట ఆటోవాళ్లతో ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నదాన్ని, ఇక్కడ వాదించడానికి భాష లేదు. కోపంతో పెట్టె లాక్కుంటూ పక్క సందులోకి నడిచాను.

ఆ సందంతా తోపుడుబళ్లే. అంగ్‌క్రింగన్ అంటారు. పైన పట్టా, బొగ్గుల మీద మూడు కెటిళ్లు, ఆనుకుని ఒక బల్ల. బండి మీద అరచేతిలో ఇమిడే పొట్లాలు గుట్టగా పోసి ఉన్నాయి. వాటి పేరు నాసి కుచింగ్, అంటే పిల్లి అన్నం. పిల్లికి పెట్టేంతే ఉంటుందని ఆ పేరు. ఒకటి 3,000 రూపియాలు, మన పదహారు రూపాయలు. విప్పితే నాలుగు ముద్దల అన్నం, మీద కాస్త కారం, ఆ కారంలో ఎండు నెత్తళ్లు! పరాయి దేశంలో నెత్తళ్ల వాసన తగిలేసరికి బెచక్ బండివాడి మీద కోపం సగం దిగిపోయింది. మూడు పొట్లాలు తీసుకున్నాను.

రెండో పొట్లం తింటుండగా గమనించాను, ఎదురుగా కూర్చున్న మనిషి నా చేతి వంకే చూస్తున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. కుడి మణికట్టుకు పట్టీ, పక్కన పెన్సిలు. నాకు ఇబ్బందిగా అనిపించి చెయ్యి ఆపాను. అతను వెంటనే రెండు చేతులూ జోడించి, వచ్చీరాని ఇంగ్లీషులో, "క్షమించండి బు, ఆపకండి. నేను కామిక్కులు గీస్తాను" అన్నాడు. బు అంటే అమ్మ. అక్కడ కాస్త వయసున్న పరాయి ఆడమనిషిని అలాగే పిలుస్తారు. వయసులో ఉన్న మగవాళ్లను మస్ అంటారు, అన్న అని. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైనా నేనూ అతన్ని మస్ అనే పిలిచాను.

అతను తిన్న పొట్లం కాగితాన్ని చదును చేసి, దాని వెనక నాలుగు గళ్లు గీశాడు. మొదటి గడిలో అయిదు వేళ్లు అన్నం మీద వాలుతున్నాయి. రెండో దాంట్లో కారమంతా అన్నంలో కలిసిపోతోంది. మూడో దాంట్లో ముద్ద. నాలుగో దాంట్లో బొటనవేలు ఆ ముద్దను నోట్లోకి తోస్తోంది. మొహం లేదు, చెయ్యి ఒక్కటే. అయినా అది నా చెయ్యేనని ఎవరైనా చెప్తారు. చిటికెన వేలు కాస్త వంకర, చిన్నప్పుడు తలుపులో పడి నలిగింది. అదీ గీశాడు.

"మేమూ చేత్తోనే తింటాం బు. కొంచెం అన్నానికి కొంచెం కారం అద్దుకుంటూ తింటాం. మీరు మొదటి ముద్దకు ముందే అంతా కలిపేశారు. కలపడం నేనెప్పుడూ గీయలేదు" అన్నాడు. యాభై ఏళ్లుగా రోజుకు రెండుపూటలా చేస్తున్న పని. దాన్ని గీయదగ్గదిగా ఒకరు చూస్తారని నాకెన్నడూ తోచలేదు. కాఫీ చెప్పాడు. గ్లాసు కాఫీలో ఎర్రటి నిప్పుకణిక వేసి ఇచ్చారు. జోస్‌మని చప్పుడైంది, ఆ చప్పుడే దాని పేరట.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లింటికి రమ్మన్నాడు. వెళ్లాను. భార్య గుదెగ్ పెట్టింది. లేత పనసకాయను తాటిబెల్లంలో గంటలకొద్దీ ఉడికించిన కూర. ఆ అమ్మాయి ప్రేమగానే పెట్టింది గాని, ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిని పెరిగినదాన్ని, తీపి పనస నాకు మింగుడు పడలేదు.

గది ఒక మూల అతని బల్ల. తెర మీద నిలువుగా సాగే కథ, ఫోనులో వేలితో పైకి నెట్టుకుంటూ చదివేది. కథ ఒక దేశంవారిది, మొహాలు ఇంకొకరు గీస్తారు, రంగులు మరొకరు నింపుతారు. ఇతని వంతు వెనకాల ఉండేవన్నీ: మెట్లు, కిటికీలు, వీధిదీపాలు, మంచు. "మంచు ఎప్పుడైనా చూశావా?" అన్నాను. "లేదు. వారం వారం గీస్తాను" అన్నాడు. మాటల బుడగలకు ఖాళీ కాస్త ఎక్కువే వదలాలట, ఒకే మాట ఒక్కో భాషలో ఒక్కో పొడవు కనుక. గడికి ఇంత అని డబ్బు. గడువు శుక్రవారం రాత్రి. అతని పేరు ఎక్కడా వేయరు. నాకు ఒళ్లు మండింది. ఊరికే అడగలేక, "ఎందుకు ఊరుకుంటావు?" అన్నాను. అతను కోపంగానీ బాధగానీ చూపకుండా ఒక ఫైలు తెరిచాడు. ప్రతి సోమవారం వచ్చే చీటీలు. "పాత మెట్లు. చీకటి. ఎడమ నుంచి గాలి." గీసేవాడికి రాసేవాడు పంపే సూచనలు.

"బోరోబుదుర్ వెళ్తున్నారా? అయితే ఆగ్నేయ మూల చూడండి. కింద."

వెళ్లాను. ఆ స్తూపం అసలు పీఠాన్ని కట్టే రోజుల్లోనే రాతి వరసలతో కప్పేశారు. 1885లో ఆ సంగతి బయటపడింది. లోపల 160 శిల్ప ఫలకాలున్నాయి. ఫొటోలు తీశాక తిరిగి మూసేశారు, ఆగ్నేయ మూల మాత్రం తర్వాతి కాలంలో కొద్దిగా తెరిచారు. జనమంతా పైకెక్కుతుంటే నేను కిందే వంగి నిలబడ్డాను. ఒక ఫలకంలో మూతులు వంకర పోయిన మనుషులు. దాని పై అంచున గీరినట్టు చిన్న అక్షరాలు. పక్కనున్న గైడును చదవమని అడిగాను.

"విరూప."

నాకు అనువాదం అక్కర్లేకపోయింది. పన్నెండు వందల ఏళ్ల కిందట ఎవరో శిల్పికి రాసిన చీటీ అది: ఇక్కడ వికారమైన మొహాలు చెక్కు. పని అయ్యాక చెరిపేయాల్సిన మాట రాతి వరస వెనక పడి అలాగే మిగిలింది. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వాన మళ్లీ మొదలయ్యాకే కదిలాను.

ఆ సాయంత్రం మళ్లీ అదే బల్ల. ఈసారి తన సొంత కథ తెచ్చాడు. స్కూలు నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసినది. యుద్ధం ముగిసిన రాత్రి సెమర్, గారెంగ్, పెత్రుక్, బగొంగ్ ఒక అంగ్‌క్రింగన్ దగ్గర కూర్చుని అన్నం తింటుంటారు. జావా తోలుబొమ్మల భారతంలో పాండవుల వెంట ఉండే సేవకులు వీళ్లు. సెమర్ నిజానికి దేవుడు, పొట్టేసుకుని సేవకుడిలా తిరుగుతాడు. బగొంగ్ అతని నీడలోంచి పుట్టినవాడు. చిన్నప్పుడు తండ్రి అద్దె పుస్తకాల కొట్టు నుంచి కొసాసిహ్ గీసిన మహాభారతం తెచ్చేవాడట. 1954లో శ్రీ అసిహ్ అనే వీరనారిని సృష్టించిన కొసాసిహ్‌ను అక్కడ కామిక్కులకు పితామహుడంటారు. తాను మాత్రం జపాను కథలు తెచ్చుకునేవాణ్ణని, నాన్న పుస్తకాలు నాన్న పోయాకే చదివానని చెప్పాడు.

"మా భారతంలో ఈ నలుగురూ లేరు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాననుకుంటాను.

"మీ బొమ్మలాటలో కూడా లేరా?"

అమ్మమ్మగారి ఊళ్లో శివరాత్రి గుర్తొచ్చింది. తెర మీద ద్రౌపది ఏడుస్తుండగానే జుట్టు పోలిగాడు, బంగారక్క దూసుకొచ్చి కొట్టుకునేవారు. బంగారక్క నోరు విప్పగానే మా అమ్మ నా చెవులు మూసేది. వాళ్లు ఏ పర్వంలో ఉన్నారని అప్పుడు ఎవరూ అడగలేదు. ఇదంతా చెప్పి, మన బొమ్మలు దాదాపు నిలువెత్తు ఉంటాయని, తెర మీద నీడతో పాటు రంగులూ కనిపిస్తాయని చేతులతో చూపించాను. అతను తినడం మానేసి విన్నాడు.

ఇంటికొచ్చి మూడు వారాలైంది. పొట్లం కాగితం బీరువాలో ఉంది, నూనె మరక మూడో గడి దాకా పాకింది. నిన్న అతని దగ్గర నుంచి సందేశం వచ్చింది. బంగారక్కను తన కథలోకి, ఆ బల్ల దగ్గరికి తెస్తాడట. ఫొటోలు కావాలన్నాడు. మొహం అక్కర్లేదు, చేతులు కావాలి, మోచెయ్యి దగ్గర తోలు ఎలా కుట్టి ఉందో కనిపించాలి. ఆదివారం తోలుబొమ్మలాడించేవాళ్ల ఊరు మాధవపట్నం వెళ్తున్నాను.