నెగెటివ్ వచ్చిన శాంపిల్ కూడా లెక్కే

జలుబు, దగ్గుల సీజన్ మొదలైందంటే మా ల్యాబ్‌లో ఊపిరాడదు. "ఫ్లూనో మరోటో తేలినా మందులు మారవు కదా, ఇన్ని టెస్టులు ఎందుకు?" అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. ఆ టెస్టు ఆ ఒక్క పేషెంటు కోసమే అనుకుంటారు గానీ, జనంలో ఏ వైరస్ ఎంత తిరుగుతోందో కనిపెట్టే నిఘా కోసం తీసే శాంపిల్ దారి వేరు.

38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి జ్వరం, దగ్గు, అదీ గత 10 రోజుల్లో మొదలైనది. ఫ్లూ లాంటి జబ్బుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత ఇది. అందరూ ఇదే పట్టుకుంటేనే పోయినేడాదితో ఈ ఏడాదిని పోల్చగలం. స్వాబ్‌ని ద్రావణంలో వేసి చల్లగా పంపాలి, దారిలో వేడెక్కితే వైరస్ ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యుపదార్థం, చెడిపోయి, ఉన్నది కూడా లేనట్టే కనిపిస్తుంది. అందుకే ఆ ఆర్‌ఎన్‌ఏని పట్టే పీసీఆర్ టెస్టులో వైరస్‌తో పాటు మనిషి జన్యువు ఒకదాన్ని కూడా వెతుకుతాం. అదీ కనబడలేదంటే స్వాబ్ సరిగ్గా తీయలేదన్నమాట, లేదా శాంపిల్ పాడైందన్నమాట. అలాంటి నెగెటివ్‌ని నేనైతే నమ్మను, మళ్లీ చేయిస్తాను, అది కుదరకపోతే లెక్కలోంచి తీసేస్తాను.

నిజమైన నెగెటివ్‌కి మాత్రం చాలా విలువ ఉంది. ఈ వారం 40 పాజిటివ్‌లు అంటే ఏం అర్థమవుతుంది? 100 శాంపిళ్లలో 40 వేరు, 1000లో 40 వేరు. టెస్టులు పెంచితే పాజిటివ్‌లూ పెరుగుతాయి, దాన్ని చూసి జబ్బు పెరిగిందని టెన్షన్ పడితే ఎలా?

ఫ్లూ తెచ్చే వైరస్‌లలో ఒకటైన ఇన్‌ఫ్లుయెంజా బి లో యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా నిర్ధారణగా దొరకలేదు. దాన్ని ఇక టీకాలో కలపక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2023లో చెప్పారు. 1952 నుంచి నడుస్తున్న ఫ్లూ నిఘా వ్యవస్థలోని ల్యాబులు వెతకడం మానకుండా, వారం వారం "ఇది లేదు" అని రాస్తూ పోయాయి కాబట్టే ఆ మాట ధైర్యంగా అనగలిగారు. ఈ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

శాంపిళ్లు పంపే తోటివాళ్లకి ఒకటే అడుగుతున్నా. పాజిటివ్‌లు ఏమీ రాని వారం కూడా రిపోర్టు పంపండి, మొత్తం ఎన్ని టెస్టులు చేశారో రాసి, పక్కన సున్నా వేయండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే వైరస్ లేదనుకోవాలో, అసలు టెస్టులే చేయలేదనుకోవాలో చూసేవాళ్లకి తెలియదు.